లార్డ్ డెన్నింగ్ తీర్పు చేతికొస్తే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి విశాఖ పాఠకుల ఉత్తరాల్లో సగానికి పైగా ఒక్క మనిషి చుట్టూనే తిరిగాయి. ఆయన ఇరవై ఏళ్లు ఇంగ్లండ్ అప్పీలు కోర్టు సివిల్ విభాగానికి పెద్దగా ఉన్న లార్డ్ డెన్నింగ్. ఒకే మాట అడిగిన ఉత్తరాలను కలిపేసి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా క్లాసులో డెన్నింగ్ పేరు వినపడని రోజు లేదు. ఆయన ఎక్కడివారు, జడ్జి ఎలా అయ్యారు అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. మనలాగే జడ్జి పరీక్ష రాశారా?
— లా విద్యార్థిని, పెదవాల్తేరు

జవాబు: రాయలేదు. మన దగ్గర జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాసి చిన్న వయసులోనే బెంచి ఎక్కే దారి ఉంది. ఇంగ్లండ్‌లో అలా కాదు. ఏళ్ల తరబడి కోర్టుల్లో వాదించి పేరు తెచ్చుకున్నవాళ్లనే పై కోర్టులకు జడ్జిలుగా తీసుకునేవారు. డెన్నింగ్ కూడా 21 ఏళ్లు ప్రాక్టీసు చేశాకే జడ్జి అయ్యారు.

పూర్తి పేరు ఆల్ఫ్రెడ్ థాంప్సన్ డెన్నింగ్, ఇంట్లో టామ్. 1899 జనవరి 23న హాంప్‌షైర్‌లోని విట్‌చర్చ్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రిది బట్టల కొట్టు, పిల్లలు ఆరుగురు. ఆక్స్‌ఫర్డ్‌లోని మోడ్లిన్ కాలేజీలో (స్పెల్లింగు చూసి మాగ్డలెన్ అనేస్తుంటారు, అక్కడివాళ్లు పలికేది మోడ్లిన్ అనే) చేరింది లెక్కలు చదవడానికి. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. రాయల్ ఇంజనీర్స్‌లో చేరి ఫ్రాన్స్ వెళ్లారు. ఆయన తిరిగొచ్చారు గానీ అన్నల్లో ఇద్దరిని ఆ యుద్ధకాలం తీసుకుపోయింది. లెక్కల్లో ఫస్ట్ క్లాసు తెచ్చుకుని కొన్నాళ్లు వించెస్టర్ కాలేజీలో పాఠాలు చెప్పి, మళ్లీ ఆక్స్‌ఫర్డ్ వెళ్లి 1922లో లా కూడా ఫస్ట్ క్లాసులో పూర్తి చేశారు. 1923లో లింకన్స్ ఇన్ నుంచి బార్‌లో చేరారు. 1938లో కింగ్స్ కౌన్సెల్, అంటే మన సీనియర్ అడ్వొకేట్ లాంటి హోదా.

1944లో హైకోర్టు జడ్జి. మొదట వేసింది వీలునామాలు, విడాకులు, ఓడల తగాదాలు కలిపి చూసే విభాగంలో. మరుసటి ఏడాది హైకోర్టులోనే కింగ్స్ బెంచి అనే విభాగానికి మార్చారు. విడాకుల విధానం మీద వేసిన కమిటీకి ఆయన అధ్యక్షులు. తాత్కాలిక డిక్రీకీ తుది డిక్రీకీ మధ్య ఉన్న ఆరు నెలల గడువు ఆరు వారాలకు తగ్గింది ఆ కమిటీ సిఫార్సు వల్లే. 1948లో అప్పీలు కోర్టు, 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్, 1962 నుంచి 1982 దాకా మాస్టర్ ఆఫ్ ది రోల్స్, అంటే అప్పీలు కోర్టు సివిల్ విభాగానికి పెద్ద. 1999 మార్చి 5న, నూరేళ్లు నిండాక నెలన్నర తిరక్కుండానే కన్నుమూశారు.

83 ఏళ్ల వరకు బెంచి మీద ఎలా ఉన్నారని ఇంకొకరు అడిగారు. జడ్జిలకు 75 ఏళ్ల పరిమితి పెట్టిన చట్టం 1959లో వచ్చింది. అప్పటికే జడ్జిగా ఉన్నవాళ్లకు అది వర్తించలేదు. తర్వాత పరిమితి 70కి తగ్గింది, 2022 మార్చిలో మళ్లీ 75 అయింది. ఎంపిక పద్ధతి కూడా మారిపోయింది. ఆ రోజుల్లో లార్డ్ ఛాన్స్‌లర్ పిలిచి అడిగేవారు. 2006 నుంచి జడ్జిల నియామకాల కమిషన్ దరఖాస్తులు తీసుకుని ఎంపిక చేస్తోంది.

ప్రశ్న: హౌస్ ఆఫ్ లార్డ్స్ అంటే అప్పట్లో అన్నిటికన్నా పై కోర్టు కదా. అందులోంచి కింది కోర్టుకు ఎవరైనా కావాలని వస్తారా?
— రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, సీతమ్మధార

జవాబు: ఆయన కావాలనే వచ్చారు. లార్డ్స్‌లో ఒక కేసుకు సాధారణంగా ఐదుగురు కూర్చునేవారు. తన వైపు తిప్పుకోవాలంటే ఇంకో ఇద్దరు కావాలి. అక్కడ ఉన్న ఐదేళ్లలో తరచూ ఆయన ఒంటరిగానే మిగిలారు. అప్పీలు కోర్టులో కూర్చునేది ముగ్గురే, ఒక్కరు ఒప్పుకుంటే చాలు. పైగా చాలా కేసులు అప్పీలు కోర్టుతోనే ఆగిపోయేవి, లార్డ్స్ దాకా కొద్ది కేసులే వెళ్లేవి. ఏ కేసు ఏ బెంచికి వెళ్లాలి, తన పక్కన ఎవరు కూర్చోవాలి అన్నది మాస్టర్ ఆఫ్ ది రోల్స్ చేతిలో ఉండేది. చట్టం మార్చాలన్న పట్టుదల ఉన్న మనిషికి అంతకన్నా అనువైన కుర్చీ లేదు. ఇక రోల్స్ అంటే చుట్టలుగా చుట్టి దాచిన పాత కోర్టు రికార్డులు. ఒకప్పుడు వాటికి కాపలాదారు కాబట్టి ఆ పేరు వచ్చింది.

ప్రశ్న: హై ట్రీస్ కేసులో అద్దె తగ్గిస్తానని మాటిచ్చిన యజమాని మాట తప్పాడు, అద్దెదారు గెలిచాడు అని రాస్తే మార్కులు తీసేశారు. తప్పేమిటి?
— ఐదేళ్ల లా కోర్సు విద్యార్థి, సబ్బవరం

జవాబు: తప్పు ఫలితంలోనే ఉంది. ఆ కేసులో గెలిచింది యజమాని కంపెనీ. ఇది చాలామంది చేసే పొరపాటు. గైడు పుస్తకాలు సూత్రం ఒక్కటే ఇచ్చి వాస్తవాలు వదిలేయడం వల్ల వస్తుంది.

జరిగింది ఇది. 1937లో లండన్ క్లాపమ్‌లోని ఒక ఫ్లాట్ల భవనాన్ని ఒక కంపెనీ ఇంకో కంపెనీకి 99 ఏళ్ల లీజుకిచ్చింది. ఏటా 2,500 పౌండ్లు. యుద్ధం వచ్చి లండన్ ఖాళీ అయింది, ఫ్లాట్లకు మనుషులు దొరకలేదు. 1940లో యజమాని కంపెనీ అద్దెను సగానికి, అంటే 1,250 పౌండ్లకు తగ్గిస్తూ రాసిచ్చింది. దానికి బదులుగా ఏమీ తీసుకోలేదు, అంటే ప్రతిఫలం లేదు. 1945 మొదటికల్లా ఫ్లాట్లన్నీ నిండాయి. అప్పుడు యజమాని తరఫు రిసీవర్ పూర్తి అద్దె అడిగాడు. దావా వేసింది 1945లోని చివరి రెండు త్రైమాసికాల తేడా సొమ్ము 625 పౌండ్లకే.

డెన్నింగ్ ఆ 625 పౌండ్లు ఇప్పించారు. తగ్గింపు యుద్ధకాలపు ఇబ్బంది కోసం ఇచ్చింది, ఆ ఇబ్బంది తీరిపోయింది కాబట్టి తగ్గింపూ తీరిపోయింది అన్నారు. అక్కడితో కేసు అయిపోయింది. కానీ ఆయన ఇంకో మాట కలిపారు. 1940 నుంచి 1945 మొదటి దాకా తగ్గించిన సొమ్ము కూడా అడిగి ఉంటే ఇప్పించేవాణ్ణి కాదు, ఆ మాట నమ్మి అవతలివాళ్లు నడుచుకున్నారు కాబట్టి, అని. ఇచ్చిన మాట నమ్మి అవతలివాళ్లు నడుచుకున్నాక దాన్ని వెనక్కి తీసుకోకూడదన్న సూత్రానికి, అంటే ప్రామిసరీ ఎస్టాపెల్‌కు, కొత్త ప్రాణం పోసింది ఈ కలిపిన మాటే. కేసు తేల్చడానికి అది అవసరం లేదు కాబట్టి సాంకేతికంగా అది ఒబిటర్, అంటే తర్వాతి కోర్టులు కట్టుబడనక్కర్లేని పక్కమాట. జవాబులో ఈ రెండు ముక్కలూ విడివిడిగా రాయండి.

ఇంకో చిన్న సంగతి. తీర్పు చెప్పింది 1946లో, రిపోర్టు అచ్చయింది 1947 సంపుటంలో. అందుకే సైటేషన్‌లో, అంటే తీర్పు ఏ సంపుటంలో ఉందో చెప్పే గుర్తులో, 1947 ఉంటుంది. రెండేళ్లూ సరైనవే, దేనికది రాయాలి.

ఈ సూత్రాన్ని పట్టుకుని అవతలివాణ్ణి బెదిరించి రాయించుకుంటే కుదరదని డెన్నింగే తర్వాత చెప్పారు. డి అండ్ సి బిల్డర్స్ వర్సెస్ రీస్, 1965. చిన్న కాంట్రాక్టర్లకు రీస్ 482 పౌండ్లకు పైగా బాకీ. వాళ్లు డబ్బుకు కటకటలాడుతున్నారని తెలిసి, 300 తీసుకుంటే తీసుకోండి, లేకపోతే అదీ లేదు అని రీస్ వైపు నుంచి అన్నారు. గత్యంతరం లేక తీసుకుని, మిగతాదానికి దావా వేస్తే డెన్నింగ్ ఇప్పించారు. ఒత్తిడి పెట్టి రాబట్టిన మాట మీద న్యాయం అడగడానికి వీల్లేదన్నారు. హై ట్రీస్ పక్కనే ఈ కేసునూ చదవకపోతే సూత్రం సగమే అర్థమవుతుంది.

మన దేశంలో ఇది ఇంకా ముందుకు పోయింది. ఇంగ్లండ్‌లో ఎస్టాపెల్ అడ్డుకోవడానికే గానీ దావా వేయడానికి ఆధారం కాదని కూంబ్ వర్సెస్ కూంబ్‌లో, 1951లో, డెన్నింగే కట్టడి చేశారు. మన సుప్రీంకోర్టు మోతీలాల్ పదంపత్ షుగర్ మిల్స్ కేసులో ఆ కట్టడిని పక్కనపెట్టింది. అమ్మకపు పన్ను మినహాయింపు ఇస్తామని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం చెప్పిన మాట నమ్మి ఆ కంపెనీ కాన్పూరులో వనస్పతి ఫ్యాక్టరీ పెట్టింది. ఆ మాటను ప్రభుత్వం మీద అమలు చేయించుకోవచ్చని జస్టిస్ భగవతి తీర్పు రాశారు. రాయితీలు నమ్మి యూనిట్ పెట్టినవాళ్లు చూడవలసింది ఈ తీర్పు, హై ట్రీస్ కాదు.

ప్రశ్న: లంగరేసిన ఓడలకు సరుకులు, నీళ్లు, సామాన్లు సరఫరా చేస్తాం. బిల్లు కట్టకుండా ఓడ వెళ్లిపోతే ఏం చేయాలో తోచదు. డెన్నింగ్ పెట్టిన మరేవా ఆర్డరు మాకు పనికొస్తుందా?
— ఓడల సరఫరా వ్యాపారి, పాత పోస్టాఫీసు ప్రాంతం

జవాబు: మరేవా అంటే తీర్పు రాకముందే ప్రతివాది ఆస్తిని స్తంభింపజేసే ఆర్డరు. ముందు అది ఎలా పుట్టిందో చూస్తే మీ సగం సందేహం తీరుతుంది. అది ఓడ కేసే, మన దేశానికి వచ్చే ఎరువుల ఓడ.

1975లో మరేవా అనే ఓడను యజమానులు ఒక కంపెనీకి రోజుకు 3,850 డాలర్ల చొప్పున అద్దెకిచ్చారు. పదిహేను రోజులకోసారి ముందే కట్టాలి. ఆ కంపెనీ ఓడను భారత ప్రభుత్వానికి తిరిగి కిరాయికిచ్చింది. ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఎరువులు ఎక్కాయి. లండన్‌లోని మన హైకమిషన్ రవాణా కిరాయిలో 90 శాతం, అంటే 1,74,000 పౌండ్లు, అక్కడి బ్యాంకులో ఆ కంపెనీ ఖాతాకు జమ చేసింది. కంపెనీ యజమానులకు రెండు వాయిదాలు కట్టి మూడోది ఎగ్గొట్టింది. బ్యాంకులో డబ్బుంది, రాత్రికి రాత్రి దేశం దాటిపోవచ్చు. కానీ తీర్పు రాకముందే ప్రతివాది ఆస్తిని బిగించకూడదన్నది 1890 నుంచి ఉన్న లిస్టర్ వర్సెస్ స్టబ్స్ నియమం. అయినా డెన్నింగ్ బెంచి 1975 జూన్‌లో ఖాతా స్తంభింపజేసింది. దానికి దాదాపు నెల ముందు జపాన్ ఓడల కంపెనీ కేసులో ఇదే పని చేసింది గానీ పేరు మాత్రం మరేవాకు దక్కింది. 1981లో పార్లమెంటు దీన్ని చట్టంలో చేర్చింది. 1999 నుంచి అక్కడ దాని పేరు ఫ్రీజింగ్ ఇంజంక్షన్.

అడిగినవాళ్లందరికీ ఇవ్వకుండా 1979లో డెన్నింగే షరతులు రాశారు. తనకు తెలిసినదంతా, తనకు వ్యతిరేకంగా ఉన్నదీ దాచకుండా చెప్పాలి. బాకీ ఎంత, ఎలా వచ్చింది, అవతలివాళ్ల వాదన ఏమిటి అన్నది రాయాలి. ప్రతివాదికి ఇక్కడ ఆస్తి ఉందని, అది తరలిపోయే ప్రమాదం ఉందని నమ్మడానికి కారణాలు చూపాలి. ఆర్డరు తప్పని తేలితే నష్టం తానే కడతానని హామీ ఇవ్వాలి. ఎక్కువ ఆర్డర్లు రద్దయ్యేది మొదటి షరతు దగ్గరే. ప్రతివాది రాసిన ఒక ఉత్తరం దాచారని తేలితే చాలు.

ఇప్పుడు మీ సంగతి. మరేవా బిగించేది మనిషి చేతిని, ఓడను కాదు. దానివల్ల మీ బాకీకి హామీ ఏర్పడదు, మిగతా అప్పులవాళ్లకన్నా మీరు ముందుకు రారు. మీకు కావలసింది ఓడనే ఆపడం. దానికి మనకు 2017 నాటి అడ్మిరాల్టీ (ఓడల తగాదాల) చట్టం ఉంది, 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. విశాఖ నీళ్లలో ఉన్న ఓడకు పిటిషన్ వేయవలసింది అమరావతిలోని హైకోర్టులో, జిల్లా కోర్టులో కాదు. ఈ హక్కు వెనక విశాఖ రేవు పేరే ఉంది. ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ ఓడ 1984 ఫిబ్రవరిలో గోవాలోని మార్మగోవా నుంచి సరుకుతో, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడెక్కినట్టు ఇచ్చే పత్రం) ఇవ్వకుండా వెళ్లిపోయింది. ఏప్రిల్‌లో అది విశాఖ రేవుకు వస్తే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆర్డరుతో ఇక్కడే ఆపారు. ఆ అధికారం కలకత్తా, బొంబాయి, మద్రాసు హైకోర్టులకే ఉందని ఓడవాళ్లు వాదించారు. 1992లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది.

సరఫరాదారుల కేసులు దెబ్బతినేది రెండు చోట్ల. సరుకుల బాకీ చట్టం ప్రకారం మారిటైమ్ క్లెయిమే (ఓడ మీద వేయగల దావా) గానీ మారిటైమ్ లియెన్ (యజమాని మారినా ఓడను వదలని హక్కు) కాదు. నావికుల జీతాల్లా ఓడను అంటిపెట్టుకుని ఉండదు. బాకీ పుట్టిన తర్వాత ఓడ చేతులు మారి, కొత్త యజమాని పేరు మీద ఉంటే మీ పిటిషన్ నిలబడటం కష్టం. రెండోది, ఆర్డరిచ్చింది ఓడ యజమానా, కొంతకాలానికి అద్దెకు తీసుకున్న చార్టరరా అన్నది. చార్టరర్ తన లెక్కలో తెప్పించుకుంటే ఆ బాకీ యజమానిది కాదు, ఓడ మీదికి పోలేరు. కాబట్టి సరుకు ఎక్కించే ముందే ఆర్డరు ఎవరి తరఫున అన్నది రాతలో తీసుకోండి. డెలివరీ రసీదు మీద ఓడ పేరు, ఐఎంఓ నంబరు (ఓడ అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య), తేదీ, మాస్టర్ లేదా చీఫ్ ఇంజనీర్ సంతకం, ఓడ ముద్ర ఉండాలి. సెయిలింగ్ రోజున వకీలు దగ్గరికి పరిగెత్తితే అఫిడవిట్ తయారయ్యే లోపు ఓడ హద్దు దాటుతుంది. ఓడను తప్పుగా ఆపించారని తేలితే నష్టం కట్టే హామీ ఇక్కడా ఇవ్వాలి.

ఓడ పోయి, అవతలివాళ్లకు ఇక్కడ బ్యాంకు ఖాతా, గోడౌను సరుకు లాంటిది మిగిలి ఉంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 38వ ఆర్డరు 5వ రూలు కింద తీర్పుకు ముందు జప్తు అడగవచ్చు. మరేవాకు మన దగ్గర దగ్గరి చుట్టం అదే. డిక్రీ అమలు కాకుండా చేయాలన్న ఉద్దేశంతోనే ఆస్తి తరలిస్తున్నారని వివరాలతో చూపాలి. అమ్మేస్తారేమోనని భయంగా ఉంది అన్న ఒక్క వాక్యంతో ఇచ్చిన అఫిడవిట్లు తిరిగొస్తాయి. హామీ లేని అప్పును హామీ ఉన్న అప్పుగా మార్చుకోవడానికి ఈ రూలు కాదని రామన్ టెక్ కేసులో 2007లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది.

ప్రశ్న: డెన్నింగ్ తీర్పు ఒకటి దొరికింది, మా కేసుకు అతికినట్టుంది. కోర్టులో చూపించే ముందు ఏమేం చూసుకోవాలి?
— జూనియర్ న్యాయవాది, మహారాణిపేట

జవాబు: మొదట ఎంతమంది జడ్జిలు, ఎవరు దేనికి ఒప్పుకున్నారు అన్నది లెక్కపెట్టండి. డెన్నింగ్ రాత ముందు వస్తుంది, కథలా సాగుతుంది, చిన్న చిన్న వాక్యాలు. చదివాక తీర్పంతా అదే అనిపిస్తుంది. మిల్లర్ వర్సెస్ జాక్సన్, 1977, చూడండి. ఊరి మైదానంలోంచి క్రికెట్ బంతులు పక్క ఇళ్లలో పడుతున్నాయి. అసలు న్యూసెన్సే (పొరుగువారికి చట్టం ఒప్పని ఇబ్బంది) లేదన్నారు డెన్నింగ్. మిగతా ఇద్దరూ న్యూసెన్సే అన్నారు. ఆట ఆపించాలా అన్న దగ్గర మాత్రం ఒకరు డెన్నింగ్ వైపు వచ్చారు కాబట్టి ఆట కొనసాగింది, నష్టపరిహారం ఇప్పించారు. అంటే న్యూసెన్స్ మీద డెన్నింగ్ రాసిన అందమైన పేరాలు ఓడిన పక్షానివి.

తర్వాత ఆ తీర్పుకు ఏమైందో చూడండి. ఆయన విషయంలో ఇది తప్పనిసరి. ఒక్కోటి ఒక్కో దారి పట్టింది. తప్పుడు లెక్కలు నమ్మి పెట్టుబడి పెట్టినవాడికి అకౌంటెంట్లు బాధ్యులని క్యాండ్లర్ కేసులో, 1951లో, ఆయన ఒంటరిగా రాశారు. పన్నెండేళ్లకు హెడ్లీ బర్న్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆయన దారికే వచ్చింది. భర్త వదిలేసిన భార్యకు ఆ ఇంట్లో ఉండే హక్కుందని 1952 నుంచి కట్టుకొచ్చిన సిద్ధాంతాన్ని 1965లో ఎయిన్స్‌వర్త్ కేసులో లార్డ్స్ కూల్చేసింది. రెండేళ్లకు పార్లమెంటు చట్టం చేసి ఆ భార్యలకు రక్షణ ఇచ్చింది.

లాయిడ్స్ బ్యాంక్ వర్సెస్ బండీ మరీ చిత్రమైనది. కొడుకు వ్యాపారం కోసం ముసలి రైతు ఇల్లు తాకట్టు పెట్టాడు. బలాబలాల్లో తేడా ఉన్న ఒప్పందాలను కొట్టేయవచ్చన్న పెద్ద సూత్రం డెన్నింగ్ ఒక్కరిదే, తక్కిన ఇద్దరూ మామూలు అనుచిత ప్రభావం మీదే తేల్చారు. 1985లో లార్డ్స్ ఆ సూత్రం అవసరం లేదంది. మరుసటి ఏడాదే మన సుప్రీంకోర్టు బ్రజోనాథ్ గంగూలీ కేసులో ఆ ఆలోచనను చేరదీసి, ఉద్యోగిని కారణం చెప్పకుండా తీసేసే షరతు కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద చెల్లదంది. అలాంటప్పుడు మీరు చూపవలసింది గంగూలీ తీర్పును. బండీని పక్కన పెట్టుకోండి.

ఇక బలం సంగతి. రాజ్యాంగం 141వ అధికరణం ప్రకారం మన కోర్టులు కట్టుబడేది సుప్రీంకోర్టు తీర్పులకు. ఇంగ్లీషు తీర్పు నచ్చజెప్పడానికే. మన దగ్గర శాసనం స్పష్టంగా ఉంటే అది కూడా కాదు. సైటేషన్‌లో ఏడాది చదరపు బ్రాకెట్లలో ఉంటే ఆ ఏడాది లేకుండా సంపుటం దొరకదని అర్థం, అది వదిలేయకండి.

ప్రశ్న: బర్మింగ్‌హామ్ సిక్స్ కేసులో ఆయన రాసింది చదివాక మనసు విరిగింది. ఇంత పేరు న్యాయమేనా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, కంచరపాలెం

జవాబు: మనసు విరగడం సహజమే. పబ్బుల్లో బాంబులు పేల్చారని శిక్షపడిన ఆరుగురు, తమను పోలీసులు కొట్టి ఒప్పించారని సివిల్ దావా వేశారు. 1980లో డెన్నింగ్ దాన్ని మొగ్గలోనే తుంచారు. వాళ్లు గెలిస్తే పోలీసులు అబద్ధమాడినట్టు, హింసించినట్టు తేలుతుంది, అంత భయంకర దృశ్యం ఊహించలేం కాబట్టి దావా ముందుకు పోకూడదని ఆయన తర్కం. 1991లో ఆ ఆరుగురి శిక్షలు రద్దయి బయటికొచ్చారు. చిన్నవాడికి న్యాయం జరగాలని పూర్వ తీర్పులను పక్కకు నెట్టిన మనిషే, ఎదుట పోలీసు శాఖ నిలబడేసరికి వాస్తవాలు వినడానికే ఒప్పుకోలేదు. దీన్ని తేలికచేసి చెప్పడం సరికాదు.

మనకు దగ్గరి కేసు ఇంకొకటుంది. తలపాగా తీస్తేనే చేర్చుకుంటామని ఒక సిక్కు పిల్లవాణ్ణి బర్మింగ్‌హామ్ స్కూలు తిప్పి పంపింది. సిక్కులు మతమే గానీ జాతి సమూహం కారు, జాతి వివక్ష చట్టం వాళ్లకు వర్తించదని 1982లో డెన్నింగ్ బెంచి అంది. 1983లో మండ్లా వర్సెస్ డోవెల్ లీ తీర్పుతో లార్డ్స్ దాన్ని తిప్పికొట్టింది. జాతి సమూహం అనడానికి ఉమ్మడి చరిత్ర, తమదైన సంస్కృతి ఉండటం ముఖ్యమని పరీక్ష పెట్టింది.

1982లోనే ఆయన అచ్చువేసిన పుస్తకంలో నల్లజాతి జూరర్ల మీద రాసిన మాటలకు ఇద్దరు జూరర్లు దావా వేస్తామన్నారు. ఆయన క్షమాపణ చెప్పారు, ఆ పుస్తకం ప్రతులను వెనక్కి తీసుకున్నారు, ఆ సెప్టెంబరులో పదవి విడిచిపెట్టారు. ఈ కేసుల్లో ఆయన రాతను పైకోర్టు రాతతో పక్కపక్కన పెట్టుకుని చదవండి. మండ్లాలో లార్డ్ ఫ్రేజర్ రాసిన తీర్పుతో మొదలుపెట్టవచ్చు.